కాసులమ్మ వదిన గ్లాసు

మొదటి రాత. వైశాఖ పౌర్ణమి, పెద్ద పోటు

నా కొడుకు బతికొచ్చాడు. ముందు ఈ మాట రాసుకోనివ్వండి, తక్కినవన్నీ తర్వాత. ఎల్లాజీ బతికొచ్చాడు. నా ఎదురుగా చాప మీద కూర్చుని గంజి జుర్రుకుంటున్నాడు. ఆ చప్పుడు వింటూనే రాస్తున్నాను.

ఒడ్డు ఆఫీసువాళ్ళు ఈ రాతపలక ఇచ్చి, పిల్లాడిలో ఏ మార్పు కనబడినా రాయమన్నారు. ముప్ఫై అయిదేళ్ళవాణ్ణి పిల్లాడు అంటున్నానని నవ్వకండి. నాది అయిదో తరగతి చదువు, గరికిన నూకయ్య అని సంతకం బాగానే పెడతాను. అక్షరాలు వంకరపోతే తెప్ప ఊగుతోందని అనుకోండి. నీళ్ళ మీద కట్టుకున్న ఊరు మాది, తెప్పలపాలెం. ఊగకుండా ఎట్లా ఉంటుంది?

వాడు అడుగుపని చేస్తాడు. మునిగిపోయిన ఊళ్ళలో ఇనుమూ రాగీ ఏరడానికి పీతమరల్ని నీళ్ళలోకి దింపుతారు. పైన పడవలో ఒకడు నెత్తిన టోపీ పెట్టుకుని కూర్చుంటాడు. వాడు మనసులో అనుకుంటే చాలు, కింద పీత నడుస్తుంది. మొన్న ఆ పడవ మీద పిడుగు పడింది. టోపీలోంచి పోయిన మంట మా వాడి తల కడిగేసింది. మాట పోలేదు, చేతిపని పోలేదు. మనుషులే పోయారు. తన పేరు తెలీదు, నేనెవరో తెలీదు, ఏది మంచో ఏది చెడో అంతకన్నా తెలీదు. దీన్ని మావాళ్ళు తుడుపు అంటారు.

గిన్నె ఖాళీ చేసి నా వంక చూసి, "ఏమండీ, ఇంకొంచెం ఉన్నాదా?" అన్నాడు.

కన్నకొడుకు నోట "అండీ" వింటే ఎవరికైనా గుండె జారుతుంది. నాది జారలేదు. మూడు రాత్రులు సముద్రంలోకి చూస్తూ కూర్చున్న తండ్రిని నేను. ఆకలేస్తోందని అడిగే కొడుకు ఉన్నాడు, చాలు. కుండ మొత్తం వంచేశాను.

రెండో రాత. చవితి, గాలి లేదు

ఇవాళ పక్క తెప్ప వాళ్ళు ఆరేసిన కవళ్ళ చేపలు మావాడు తీసుకుని తిన్నాడు. దొంగతనంగా కాదు, అందరూ చూస్తుండగానే, తీగ మీద నుంచి ఒక్కొక్కటీ లాక్కుని. తప్పురా అన్నాను. ఎందుకు తప్పని అడిగాడు. అవి వాళ్ళవి అన్నాను. వాళ్ళు తినడం లేదు కదా, నాకు ఆకలేసింది కదా అన్నాడు. ఎదురు చెబుతున్నట్టు లేదు వాడి మొహం, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాడు.

"మీకెవరు సెప్పినారండీ, తియ్యకూడదని?" అన్నాడు.

ఎవరు చెప్పారు? చిన్నప్పుడు మా అయ్య వీపు మీద నాలుగు వేసిన మాట నిజమే. కానీ మా అయ్య చూడని చోటా నేను ఒకరి చేప తియ్యలేదు. అది ఎక్కడ నేర్చుకున్నానో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆకలేసినట్టు, నిద్రొచ్చినట్టు అదీ ఉంది, అంతే. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలీనిది వాడికెక్కణ్ణుంచి తెచ్చిపెట్టను?

తొందరెందుకంటే, శ్రావణంలో కాటా వస్తుంది. తుడుపు మనిషిని కాటా మీద తూచి, మంచీచెడూ తెలుసని తేలితేనే ఊళ్ళో ఉండనిస్తారు. తేలకపోతే కంచె దీవికి పంపుతారు. అక్కడికి వెళ్ళినవాళ్ళని చూడ్డానికి కూడా పోనివ్వరు. ఆఫీసువాళ్ళని తప్పుపట్టను. వెనక ఒక తుడుపు మనిషి ఉయ్యాల కట్టుకోవడానికి తాడు కావాలని, తెప్పల్ని కట్టి ఉంచే ఊరి మోకులే కోసేశాడు. అతనికి ఎవరి మీదా పగ లేదు. తాడు కావాల్సొచ్చింది. ఆ రాత్రి ముగ్గురు నీళ్ళ పాలయ్యారు.

మూడో రాత. అమావాస్య పోటు

పాఠాలు మొదలుపెట్టాం. ఆఫీసువాళ్ళు పలికే పెట్టె ఒకటి పంపారు. అది చెబుతుంది, వాడు తిరిగి చెబుతాడు. అబద్ధం ఆడకూడదు. ఒకరి సొమ్ము ముట్టకూడదు. మోకు జోలికి పోకూడదు. మా ఊరి మర్యాదలు నేను కలిపాను, పీట మీద కూర్చున్నవాళ్ళకి నీళ్ళు అంచు దాకా పోయాలి అన్నది అందులో ఒకటి.

పీట సంగతి చెప్పాలి. ఊళ్ళు మునిగిన కొత్తలో ఒక తెప్పలో తిండి ఉంటే పది తెప్పల్లో లేదట. అప్పుడు పెద్దవాళ్ళు, ఏ ఇల్లూ ఒంటరిగా తినకూడదని పెట్టారు. ప్రతి ఇంట్లో పొరుగు పీట అని ఒకటి వేసి ఉంచుతాం. ఎవరైనా రావచ్చు, కూర్చుని తినొచ్చు. తాగే నీళ్ళు మాకు మంచు వలల మీద చుక్క చుక్కగా దొరుకుతాయి. అందుకని పీట మీది మనిషికి గ్లాసు నిండా పొయ్యడమే పెద్ద మర్యాద. వెలితిగా పోశారా, నీకన్నా నా నీళ్ళే ముద్దని మొహం మీద చెప్పినట్టు. గ్లాసు వెలితికి పెళ్ళిళ్ళు తప్పిపోయాయి మా ఊళ్ళో.

మా పీట నేను అటక మీద పెట్టేశాను. వీడు నలుగురిలో ఏం చేస్తాడో, ఏం అంటాడో, అది ఆఫీసు దాకా పోతుందేమోనని భయం. కాటా అయ్యే దాకా తలుపు వేసుకుని, వాడూ నేనూ పెట్టే.

మంచి కబురు రాయాలి. పాఠాలన్నీ వాడికి నోటికొచ్చేశాయి. ఎక్కడ ఆపితే అక్కణ్ణుంచి అందుకుంటున్నాడు. ఎంత సంతోషమో చెప్పలేను. వాడు చెబుతుంటే నేను తాళం వేశాను.

నాలుగో రాత. జ్యేష్ఠం, విదియ

తలుపు విరగ్గొట్టినంత పని చేసింది కాసులమ్మ వదిన.

రెండో పక్క తెప్ప ఆవిడది. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. మొగుడూ బిడ్డలూ లేరు, నోరుంది. మా ఇంటి పీట మీద ఇరవై ఏళ్ళ బట్టి ఆవిడే కూర్చుంటోంది. లోపలికొచ్చి ఇల్లంతా కళ్ళతో గాలించింది.

"పీట ఎక్కడ దాసీసినావు, నూకయ్యా? నీ కొడుక్కి తల పోనాది సరే, నీకేటి పోనాది?"

ఆవిడ చాప మీదే చతికిలబడింది. చేసేదేముంది, పీట దించాను. మావాడు పాఠంలో ఉన్నట్టే ఆవిడకి గ్లాసు నిండా నీళ్ళు పోశాడు. నేను పొంగిపోయాను. వదిన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా ఎత్తింది. ఆవిడకి నీళ్ళంటే అంత గౌరవం. కొంచెం ఒళ్ళో ఒలికితే, "మీ తెప్ప ఊగులాట ఎక్కువ, మోకు బిగించుకోండి" అని నన్నే తిట్టింది.

ఎల్లాజీ తినడం మానేసి ఆవిడనే చూస్తూ కూర్చున్నాడు. అట్లా చూడకూడదురా అని తర్వాత చెప్పాను.

అయిదో రాత. జ్యేష్ఠ పౌర్ణమి

వదిన రోజూ వస్తోంది. ఆవిడ కబుర్లకి పలికే పెట్టె సగం రోజులు మూగగానే ఉంటోంది. ఎల్లాజీ చిన్నప్పుడు ఆవిడ తెప్ప మీంచి ఎన్నిసార్లు నీళ్ళలో పడ్డాడో, ఆవిడ జుట్టు పట్టుకుని ఎన్నిసార్లు లాగిందో చెబుతుంది. వాడికి ఒక్కటీ గుర్తు రాదు, కానీ నవ్వుతాడు. వాడు నవ్వుతుంటే నాకు ఈ తెప్ప నీళ్ళ మీద కాదు, గాలి మీద తేలుతున్నట్టుంది.

దిగులు కబురు ఒకటి ఉంది. అవతలి వరసలో దేముడుబాబు తాతని ఒడ్డు మీది ముసలాళ్ళ షెడ్డుకి తీసుకుపోయారు. చేతులు వణుకుతున్నాయట. తుపాను కూత వస్తే ఇక్కడ మనిషికో మోకు పట్టాలి. పట్టు లేని చేతికి తెప్ప మీద చోటు లేదు. అతని బదులు ఇంకొకరు మోకు పూచీ ఇస్తే ఉండనిస్తారు గానీ, పూచీ అంటే తన మోకూ అతని మోకూ రెండూ పట్టాలి. ఎవరూ ముందుకు రాలేదు. పడవెక్కేటప్పుడు తాత వెనక్కి తిరిగి చూడలేదు.

వదిన ఆ పూట సరిగా తినలేదు. చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. చలేస్తోందా వదినా అంటే, అవునంది. జ్యేష్ఠంలో చలేమిటో మరి.

ఆరో రాత. ఆషాఢం, వాన

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మార్పు ఏది కనబడినా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

మావాడు వదినకి సగం గ్లాసు నీళ్ళే పోస్తున్నాడు.

మొదటిరోజు పొరపాటనుకున్నాను. రెండో రోజూ అంతే. మూడో రోజు నేనే అందుకుని నింపబోతే చెంబు అవతలకి జరిపేశాడు. నాకు తల తీసేసినట్టయింది. వానలు పడుతున్నాయి, కుండలు నిండి ఉన్నాయి, అయినా ఆ ముసలామెకి నీళ్ళు కొలిచి పోస్తున్నాడు. ఆవిడ వెళ్ళాక పాఠం చెప్పమన్నాను. పీట మీద కూర్చున్నవాళ్ళకి అంచు దాకా పోయాలి, గడగడా చెప్పాడు. మరి సగమే ఎందుకు పోశావు అంటే చెంబు కడగడానికి వెళ్ళిపోయాడు.

వచ్చిన పాఠాన్ని తెలిసీ తప్పుతున్నాడంటే, ఇది తుడుపు కన్నా పెద్ద జబ్బు కదా. ఇంకో చిత్రం, వదిన ఒక్క మాట అనలేదు. గ్లాసు వెలితి చూసి ఊరంతా ఏకం చేసే మనిషి, ఆ సగం నీళ్ళు తాగి, వాడి వంక చూసి, గ్లాసు బోర్లించి వెళ్ళిపోయింది. ఆవిడ మనసు ఎంత నొచ్చుకుందో.

ఏడో రాత. శ్రావణం, కాటా రోజు

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు. ఏడ్చి ఏడ్చి నవ్వుతున్నాను. వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

పొద్దున్నే వాణ్ణి తూచడానికి ఒడ్డు ఆఫీసు నుంచి నిరుపమ మేడమ్ గారు పడవ దిగారు. కాటా అంటే ఏదో పెద్ద యంత్రమనుకున్నాను. మణికట్టుకి ఒక పట్టీ, దానికొక చిన్న దీపం, అంతే. ఆవిడ ఓపిగ్గా వివరించారు. మనిషి సొంతంగా చెప్పిన మాటకి ఆకుపచ్చ వెలుగుతుంది. బట్టీ పట్టిన మాటకి పసుపు. అబద్ధానికి ఎరుపు.

అడిగారు. మావాడు చెప్పాడు. ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. దీపం పసుపు. మళ్ళీ పసుపు. ఎదుటివాడి సొమ్ము ఎందుకు తీయకూడదు అంటే పెట్టెలో ఉన్న వాక్యమే చెప్పాడు, పసుపు. నేను నేర్పిందే వాణ్ణి ముంచుతోందని అర్థమవుతోంది, చేసేదేమీ లేదు. చివరికి ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, "క్షమించండి నూకయ్యగారూ. ఇది పెట్టె మాట్లాడుతోంది. లోపల మనిషి ఉన్నాడో లేడో నాకు తెలియలేదు. భోజనాలయ్యాక తీసుకువెళ్తాను" అన్నారు. నిబంధన ప్రకారం పడవెక్కే దాకా పట్టీ తియ్యకూడదట.

తీసుకెళ్ళే వాళ్ళకైనా తిండి పెట్టకుండా పంపం మేము. మేడమ్ గారికి చాప వేశాను. పీట మీద వదిన ఎప్పటిలాగే కూర్చుంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎల్లాజీ చెంబు అందుకుని వదిన గ్లాసులో నీళ్ళు వంచుతున్నాడు, సగం దగ్గర ఆపాడు. నాకు ఎక్కడ లేని రోషం వచ్చింది. కొడుకు పోతే పోయాడు, ఈ ఇంటి మర్యాద కూడా పోవాలా? చెంబు లాక్కున్నాను.

"వద్దండీ," అన్నాడు మెల్లిగా.

అంచు దాకా పోసి చెంబు పక్కన పెట్టాను. మేడమ్ గారు చెయ్యి కడుక్కోవడానికి తెప్ప చివరికి వెళ్ళి అటు తిరిగారు. వదిన గ్లాసు ఎత్తింది.

ఇప్పుడు రాస్తుంటే కళ్ళ ముందు ఒక్కొక్కటీ కనబడుతోంది. ఆ చెయ్యి గాలికి ఆకు కదిలినట్టు కదిలింది. గ్లాసు జారి చెంబు మీద పడింది, చెంబు దొర్లి నీళ్ళ కుండకి కొట్టుకుంది, కుండ రెండు ముక్కలైంది. మూడు పూటల నీళ్ళు వెదుళ్ళ సందుల్లోంచి సముద్రంలోకి పోయాయి. వదిన మొహం బూడిద రంగుకి తిరిగింది. ఇరవై ఏళ్ళ బట్టి ఎదురుగా కూర్చుంటున్న మనిషి చేతుల్ని నేను ఇవాళ చూశాను.

మేడమ్ గారు వచ్చి, ఎవరు పడేశారని అడిగారు.

"నానే," అన్నాడు ఎల్లాజీ. "నా సెయ్యి తగిలింది."

దీపం ఎర్రగా వెలిగింది.

పసుపు చాలదని ఎరుపు కూడానా అనుకున్నాను. మేడమ్ గారు ఆ దీపం వంకే చూస్తూ కింద కూర్చున్నారు. మొదటి పాఠం ఏమిటని అడిగారు. అబద్ధం ఆడకూడదు, అన్నాడు. పసుపు. మరి ఎందుకు ఆడావని అడిగారు.

"సెప్పను," అన్నాడు.

ఆకుపచ్చ. ఆ రంగు మేము పొద్దుటి నుంచి చూడలేదు. ముగ్గురం దాని మీదికి వంగిపోయాం.

"చెప్పకపోతే కంచె దీవికి వెళ్ళాలి. తెలుసా?"

"తెలుసు."

ఆకుపచ్చ.

"అక్కణ్ణుంచి తిరిగి రావడం ఉండదు."

"ఎల్తాను. సెప్పను."

దీపం అట్లాగే పచ్చగా ఉంది. అప్పుడు వదిన పీట మీంచి లేచింది. కొంగు తీసేసి రెండు చేతులూ మేడమ్ గారి ముందు చాపింది. అవి వణుకుతూనే ఉన్నాయి.

"నానే అమ్మా పడీసినాను. ఏడాది నుంచీ ఇంతే. ఆడిని వొగ్గీయండి, నన్ను షెడ్డుకి అట్టుకెళ్ళండి."

ఎల్లాజీ ఆవిడ మీద కోప్పడ్డాడు. నేను చెప్పకుండా ఉన్నాను కదా, నీకెందుకు తొందర అన్నాడు. తిట్టాడు, దీపం పచ్చగా వెలిగింది. మేడమ్ గారికి నవ్వాగలేదు.

అప్పుడు నేను అడిగాను. ఇన్నాళ్ళూ సగమే పోసింది ఇందుకేనా అని. తల ఊపాడు.

"సగమైతే ఒలకదు కదండీ," అన్నాడు. "నలుగురిలో ఒలికితే ఆవిడకి సిన్నతనం."

ఇది నేను నేర్పలేదు. పెట్టెలో లేదు. పాత ఎల్లాజీలో ఉండి మిగిలిందా అంటే, అతనికి తన పేరే మిగల్లేదు. మేడమ్ గారినే అడిగాను, ఇది వీడికి ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా అని. కాటాకి మాట రంగే తెలుసు, అది పుట్టిన ఊరు తెలీదు అన్నారు ఆవిడ. తర్వాత ఒకసారి పీట వంకా, దాని ఎదురుగా వాడు కూర్చునే చోటు వంకా చూశారు. నేనూ చూశాను. రెండింటికీ మధ్య మూరెడు దూరం. అంత దగ్గరగా కూర్చుని రోజూ ఒక మనిషి చేతుల్ని చూసినవాడికి పాఠమెందుకు? ఆ పీటనే నేను అటకెక్కించాను. దింపించిన ఆ తల్లికి వేల దండాలు.

బట్టీ పట్టినవాడు పాఠం దాటలేడని, దాటాల్సిన చోట దాటినవాడు మనిషేనని ఆవిడ తేల్చారు. పట్టీ విప్పేశారు. కొడుకు నా ఇంట్లోనే ఉంటాడు.

మరి వదిన సంగతి ఏమిటన్నాను. కాటా నెగ్గినవాడికి ఊళ్ళో అందరిలాగే హక్కులుంటాయి, మోకు పూచీ కూడా ఇవ్వచ్చు అన్నారు మేడమ్ గారు. ఆవిడ మాట పూర్తికాకుండానే మావాడు వేలిముద్ర వెయ్యడానికి బొటనవేలు చాపాడు. నీళ్ళు పారబోసినందుకు ఏం రాస్తారోనని నేను భయపడుతుంటే, ఆవిడ తన కాగితంలో తానే రాసి చదివి వినిపించారు. తెప్ప ఊగి కుండ పగిలింది, అని. ఆవిడ చేతికి పట్టీ లేదు కాబట్టి ఏ దీపమూ వెలగలేదు.

ఎనిమిదో రాత. శ్రావణ పౌర్ణమి, పోటు

ఊరంతా వచ్చి చూసిపోయారు. కవళ్ళు పోగొట్టుకున్న పక్క తెప్ప వాళ్ళు ఒక గంపెడు కవళ్ళు తెచ్చి, ఆకలేస్తే అడుగు బాబూ, తీగలు తెంపకు అని ఆటపట్టించారు. మావాడు నిన్న దేముడుబాబు తాత కోసం పడవ మీద ఒడ్డుకి వెళ్ళాడు. రెండు మోకులు పట్టేవాళ్ళు దొరికితే ఆయన్నీ తీసుకురావచ్చని ఇంటింటికీ తిరిగి అడిగాడు. ఇద్దరు ఒప్పుకున్నారు. వచ్చే వారం తాత వస్తాడు.

ఇవాళ మేం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. నేను వదినకి సగం గ్లాసు పోశాను. ఆవిడ ఊరుకుంటుందా?

"మొత్తానికి బుద్ధొచ్చిందిరా నూకయ్యా, కొడుకు కడుపున పుట్టావు," అంది.

ఎల్లాజీ చెంబు అందుకున్నాడు. తన గ్లాసు నింపుకున్నాడు. నా గ్లాసులో వంచాడు, సగం దగ్గర ఆపాడు. నాకూ వెలితేమిటిరా అనబోయాను. వాడు నా మొహం వంక చూడటం లేదు, నా చేతి వంక చూస్తున్నాడు. నేనూ చూశాను.

ఈ పలక వెనక్కి తిప్పి మొదటి రాత దాకా చూసుకున్నాను. అక్షరాలన్నీ వంకరే. ఇన్నాళ్ళూ తెప్ప మీద నింద వేశాను పాపం.

నాకు దిగులు వెయ్యలేదు, నిజం, పట్టీ కట్టుకుని చెప్పమన్నా చెబుతాను. వాడు చెంబు కింద పెట్టి తన రెండు అరచేతులూ ఒకసారి చూసుకున్నాడు, మూడో మోకు ఎక్కడ చుట్టుకోవాలా అన్నట్టు. నడుముకి కట్టుకుంటాలే అన్నాడు తనలో తాను. తర్వాత గ్లాసు నా దగ్గరగా జరిపాడు.

"తాగు అయ్యా," అన్నాడు.

ఒక్క చుక్క ఒలకలేదు.